రొమ్ముల్లో హెచ్చుతగ్గు: కొలతల నుంచి కుట్లు మానేదాకా నా అనుభవం

రెండు రొమ్ములూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే ఆడవాళ్లు దాదాపుగా ఉండరు. కాస్త హెచ్చుతగ్గు అందరికీ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. బ్రా ఒక పక్క బిగుసుకుపోయి ఇంకో పక్క ముడతలు పడుతున్నప్పుడు, పెద్దగా ఉన్న వైపు పట్టీ భుజం మీద గాడి పెడుతున్నప్పుడు, జాకెట్టు కుట్టే ఆవిడ టేపు పట్టుకుని "అమ్మా, ఈ పక్కకి మాత్రం కప్పు వేసేయనా?" అని గొంతు తగ్గించి అడిగినప్పుడు ఇక పట్టించుకోక తప్పదు. నాకు కుడి పక్క పెద్దది. చీరలో పైట దాచేస్తుంది, కుర్తాలో దొరికిపోతుంది. ఆపరేషన్ అయి ఏడాది దాటింది. తేడా ఎక్కడుందో తేల్చుకోకుండా ఏ ఆపరేషన్ కావాలో తేల్చుకోకూడదని ఆ ఏడాదిలో బాగా అర్థమైంది. అందుకే ముందు తేడా గురించి.

యుక్తవయసు నుంచి ఏళ్ల తరబడి అలాగే ఉన్న తేడా ఒక రకం. పెద్దయ్యాక కొత్తగా ఒక పక్క పెరగడం, గడ్డ తగలడం, చర్మం మీద సొట్టలు పడటం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం కారడం పూర్తిగా వేరే రకం. ఈ రెండో రకమైతే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు, ముందు గడ్డ సంగతి చూడాలి. వయసు తక్కువైతే అల్ట్రాసౌండ్, 40 దాటితే దానితోపాటు మామోగ్రామ్. పాత తేడాకైనా ఆపరేషన్‌కు ముందు ఒక స్కాన్ తీస్తారు. తీసిన గ్రంథిలోనో కొవ్వులోనో అనుకోకుండా ఏదైనా బయటపడితే అప్పుడు ఇబ్బంది. పైగా ఆపరేషన్ తర్వాత లోపల మచ్చ కట్టి స్కాన్‌లో కొత్త నీడలు కనిపిస్తాయి, పాత ఫిల్ము ఉంటే పోల్చుకోవడం తేలిక.

కారణాలు చాలా ఉన్నాయి. ఎక్కువ మందిలో ఏ జబ్బూ ఉండదు, ఒక పక్క గ్రంథి హార్మోన్లకు ఎక్కువ స్పందించి పెరుగుతుంది, అంతే. కొందరిలో రొమ్ము అడుగు భాగం ఇరుకుగా ఉండి, కింది మడత పైకి ఉండి, లోపలి కణజాలమంతా చనుమొన వలయంలోకి తోసుకొస్తుంది. దీన్ని ట్యూబరస్ బ్రెస్ట్ అంటారు. ఇంకొందరికి పుట్టుకతోనే ఒక పక్క పెద్ద ఛాతీ కండరంలో కొంత భాగం ఉండదు. 1841లో ఆల్ఫ్రెడ్ పోలాండ్ వర్ణించడంతో దీనికి పోలాండ్ సిండ్రోమ్ అని పేరు వచ్చింది. వీళ్లలో కొందరికి అదే పక్క చేతివేళ్లు పొట్టిగానో అతుక్కునో ఉంటాయి. వెన్ను వంకరగా ఉంటే ఒక పక్క పక్కటెముకలు ముందుకు వచ్చి, రొమ్ములు సమానంగానే ఉన్నా తేడాగా కనిపిస్తాయి. చిన్నప్పుడు ఛాతీ మీద వేడినీళ్లో టీయో పడి కాలిన మచ్చ ఉంటే, ఆ గట్టి చర్మం కింద రొమ్ము పెరగడానికి చోటు దొరకదు. మన ఇళ్లలో ఒక పాడు అలవాటు ఉంది: పసిపాపకు నూనె రాసి స్నానం చేయించేటప్పుడు ఉబ్బిన రొమ్ములు పిండి పాలు తీయడం. ఆ ఉబ్బు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేదే, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పిండితే చీము పట్టొచ్చు, ఆ చీము తీయడానికి కత్తి పెడితే రొమ్ము మొగ్గే దెబ్బతినొచ్చు. పదమూడేళ్ల తర్వాత బయటపడే తేడాకు బీజం కొన్నిసార్లు అక్కడే పడుతుంది.

పద్నాలుగేళ్ల కూతురికి తేడా కనిపించిందని కంగారు పడే తల్లులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ వయసులో రెండూ ఒకే వేగంతో పెరగవు, వెనకబడ్డది తర్వాత అందుకోవడం మామూలే. ఎదుగుదల ఆగి, సైజు కనీసం ఏడాది పాటు మారకుండా ఉన్నాకే ఆపరేషన్ మాట. అందాకా బ్రాలో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ చాలు. అయితే ఒక పక్క నెలల్లోనే విపరీతంగా పెరిగితే పెద్ద ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) కావొచ్చు, దానికి ఆగకూడదు.

ఇక పరీక్ష. అక్కడ ఆడ నర్సు ఉండాలి, లేకపోతే ఉండమని అడగండి, మొహమాటం అక్కర్లేదు. మంచం మీద పడుకోబెట్టి చూసేది సగం పరీక్షే. అసలు కొలతలు నిలబడి, భుజాలు వదిలేసి, చేతులు పక్కన పెట్టుకున్నప్పుడే. ముందు వెన్ను చూస్తారు: ముందుకు వంగమంటారు, వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తే స్కోలియోసిస్, అంటే వెన్ను వంకర అనుమానం. తర్వాత "చేతులు నడుం మీద పెట్టి గట్టిగా నొక్కండి" అంటారు. అప్పుడు చంక ముందువైపు మడత రెండు పక్కలా బిగుసుకోవాలి. ఒక పక్క బిగుసుకోకపోతే అక్కడ కండరం లేనట్టు.

తర్వాత టేపు. గొంతు కింద ఎముకల మధ్య గుంట నుంచి చనుమొన దాకా: నాకు కుడి 26 సెంటీమీటర్లు, ఎడమ 22.5. చనుమొన నుంచి కింది మడత దాకా కుడి 10, ఎడమ 7. అడుగు వెడల్పు 14, 12. నల్లటి వలయం అడ్డకొలత కుడి 5.5, ఎడమ 4. కింది మడతలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి, ఇది నా అదృష్టం. మడత ఎత్తు తేడా ఉన్నవాళ్లకు పని కష్టమవుతుంది, ఎందుకంటే లోపలిది ఎంత తీసినా నింపినా మడత ఒక పక్క పైకి ఉంటే కంటికి ఆనేది అదే. రొమ్ము సాగి జారడాన్ని చనుమొన మడత కంటే ఎంత కిందికి దిగిందన్న దాన్ని బట్టి మూడు గ్రేడ్లుగా చెప్తారు, నాది కుడి రెండో గ్రేడు.

ఇంట్లో ఘనపరిమాణం కొలిచే ఉపాయం ఒకటుంది. పెద్ద పక్కకు సరిపోయే మెత్తటి బ్రా వేసుకుని, పల్చటి మేజోడులో పచ్చి బియ్యం పోసి మూతికట్టి, చిన్న పక్క కప్పులో సర్దాలి. పైన టీషర్టు వేసుకుని అద్దంలో రెండూ సరిపోయేదాకా బియ్యం కలుపుతూ తీస్తూ పోవాలి. ఆఖరికి ఆ బియ్యాన్ని తూకం వేయకుండా కొలగ్లాసులో పోసి మిల్లీలీటర్లలో చూడాలి. బియ్యం గింజల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి 200 గ్రాముల బియ్యం దాదాపు 250 మి.లీ. చోటు తీసుకుంటుంది. తూకం చూసి చెప్తే లెక్క తప్పుతుంది. నాకు 300 మి.లీ. దగ్గర తేలింది, డాక్టరు అంచనా కూడా అటూఇటూగా అంతే.

ఈ కొలతల్లోంచే దారి బయటపడుతుంది. చిన్నదాన్ని పెంచొచ్చు, పెద్దదాన్ని తగ్గించొచ్చు, సాగినదాన్ని పైకి లాగి కుట్టొచ్చు, లేదా వీటిలో రెండు మూడు కలపొచ్చు. చాలామంది మనసు మొదట చిన్న పక్కకే పోతుంది, "అక్కడ ఇంప్లాంట్ పెట్టేస్తే సరి" అని. ఒక్క పక్కే ఇంప్లాంట్ (రొమ్ము లోపల అమర్చే కృత్రిమ తిత్తి) పెట్టడం నాకు ఇప్పటికీ నచ్చని పద్ధతి. ఆపరేషన్ రోజున సమానంగా ఉన్నవి పదేళ్లకు ఉండవు: సొంత కణజాలం ఒళ్లు వచ్చినప్పుడు పెరుగుతుంది, తగ్గినప్పుడు జారుతుంది, పిల్లలకు పాలిస్తే మారుతుంది. ఇంప్లాంట్ మారదు. దానికి తోడు చుట్టూ కట్టే పొర బిగుసుకుని గట్టిపడొచ్చు, లోపల చిరగొచ్చు, ఎప్పటికైనా మార్చాల్సి రావొచ్చు. సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకుంటే 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత 2, 3 ఏళ్లకోసారి ఎంఆర్‌ఐ లేదా అల్ట్రాసౌండ్‌తో చూసుకోమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తుంది. ఆ ఖర్చును ఎవరూ మొదటి ఎస్టిమేట్‌లో వేయరు. గరుకు పైపొర ఉన్న కొన్ని రకాల చుట్టూ లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ రావడంతో 2019 జులైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అలాగని ఇంప్లాంట్ పనికిరాదని కాదు. పోలాండ్ లాంటి వాటిలో, చిన్న పక్క అసలు ఏమీ లేనప్పుడు అదే సరైన దారి కావొచ్చు. పెద్ద పక్క బరువుగా, సాగి ఉన్నవాళ్లకు మాత్రం తగ్గించుకోవడమే మేలు. అందులో రొమ్ము చిన్నదవుతుంది, పైకి లేస్తుంది, లోపల ఉండేదంతా సొంతదే.

నాకు కుడి పక్క రిడక్షన్ (తగ్గించే ఆపరేషన్), ఎడమ పక్క పొట్ట నుంచి తీసిన కొవ్వు ఎక్కించడం అని నిర్ణయమైంది. తేడా మొత్తం కుడి పక్కే తీసేస్తే అది మరీ చిన్నదై, కుట్టు పొడవుగా వస్తుంది. అందుకని ఎడమను కొద్దిగా నింపి మధ్యలో కలుపుకున్నారు.

డాక్టరు దగ్గర ఒక్కమాట అడగాలి: ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ డిగ్రీ ఉందా అని. "కాస్మెటిక్ సర్జన్" అన్న బోర్డు డిగ్రీ కాదు. అదే తేడాకు వాళ్లు చేసిన పాత కేసుల ఫొటోలు, అవీ ఏడాది తర్వాత తీసినవి చూపమనండి. నెల రోజుల ఫొటో ఎవరిదైనా బాగానే ఉంటుంది. మన ఫొటోలు కూడా ముందు, రెండు ఏటవాలు, రెండు పక్క కోణాల నుంచి తీస్తారు. అవి ఎక్కడ వాడొచ్చో, ఎక్కడ వాడకూడదో సంతకం పెట్టే కాగితం మీదే రాయించుకోవాలి.

డబ్బు సంగతి కూడా కాగితం మీదే తేలుతుంది. కాస్మెటిక్ సర్జరీని ఆరోగ్య బీమా ఇవ్వదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికీ, ఆరోగ్యానికి తక్షణ ముప్పు తొలగించే చికిత్సకూ మాత్రం మినహాయింపు. జీఎస్టీలో ఇంకో సూక్ష్మం ఉంది. కాస్మెటిక్ సర్జరీకి పన్ను పడుతుంది కానీ, పుట్టుకతో వచ్చిన లోపాన్నో ఎదుగుదలలో వచ్చిన తేడానో గాయాన్నో సరిచేసే ప్లాస్టిక్ సర్జరీకి పడదు. అందుకని కేసు షీటులో, డిశ్చార్జి సమ్మరీలో ఉన్న నిజం ఉన్నట్టుగా "ఎదుగుదలలో వచ్చిన అసమానత" అని, కొలతలతో సహా రాయించుకోవడం ముఖ్యం. బిల్లింగ్ కౌంటర్ దగ్గర చివరి రోజు వాదించేకన్నా ముందే మాట్లాడుకోవాలి.

తయారీ మామూలే: హిమోగ్లోబిన్, షుగర్, ఈసీజీ. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు, చేపనూనె, వెల్లుల్లి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. పొగతాగేవాళ్లు కనీసం 4 వారాల ముందు మానాలి, ఎందుకంటే నికోటిన్ సన్నటి రక్తనాళాలను మూసేస్తుంది, చనుమొనకు రక్తం అందేది ఆ సన్నటి నాళాల్లోంచే. ముందుగా కొనాల్సింది ముందు హుక్కులున్న, తీగ లేని రెండు బ్రాలు.

ఆపరేషన్ రోజు పొద్దున జరిగే గీతలే నా దృష్టిలో అసలు ఆపరేషన్. మత్తు ఇవ్వకముందే నిలబెట్టి, గొంతు గుంట నుంచి బొడ్డు వైపు మధ్యగీత, కింది మడతలు, రెండు రొమ్ముల నడిగీతలు మార్కర్‌తో గీస్తారు. పడుకుంటే అన్నీ పక్కలకు జారిపోతాయి, అప్పుడు గీతలు గీసి లాభం లేదు. కొత్త చనుమొన స్థానం గుర్తు పెట్టేటప్పుడు డాక్టరు కుడి పక్క గుర్తును ఎడమ కంటే కాస్త కిందికే పెట్టారు. చూస్తే తప్పులా ఉంటుంది. బరువు తీసేశాక సాగిన చర్మం వెనక్కి ముడుచుకుని గుర్తు పైకి పోతుంది, అందుకే ఆ వెసులుబాటు. కిందికి ఉండిపోయిన చనుమొనను తర్వాత చిన్న పనితో పైకి తేవొచ్చు. మరీ పైకి పోయినదాన్ని కిందికి దించడం చాలా కష్టం, బ్రా అంచు మీదికి కనిపిస్తుంది. ఏ డాక్టరైనా రెండు గుర్తులూ కళ్లుమూసుకుని ఒకే కొలతకు పెడుతుంటే ఎందుకని అడగొచ్చు.

లోపల జరిగింది ఆపరేషన్ నోట్స్‌లో ఉంది. చనుమొనను పూర్తిగా విడదీయరు. రక్తం, స్పర్శ అందించే ఒక కణజాల పట్టీ మీద దాన్ని నిలబెట్టి పైకి జరుపుతారు. ఆ పట్టీని పెడికిల్ అంటారు. నాది పైన, లోపలివైపు నుంచి వచ్చే సూపరోమీడియల్ పెడికిల్. కింద, బయటివైపు నుంచి 235 గ్రాములు తీసి, తూచి, బయాప్సీకి పంపారు. ఎంత ఆరోగ్యంగా కనిపించినా తీసిన ముక్క పాథాలజీకి వెళ్లాల్సిందే. చివర్లో బల్లను కూర్చున్న భంగిమకు లేపి రెండు పక్కలా పోల్చి, అప్పుడు కుట్లు పూర్తి చేస్తారు. నాకు వలయం చుట్టూ ఒక కుట్టు, అక్కడి నుంచి మడత దాకా నిలువుగా ఒకటి. ఇంకా పెద్ద రొమ్ములకు మడత వెంట అడ్డంగా మూడోది కూడా వస్తుంది.

ఎడమ పక్కకు పొట్ట నుంచి తీసిన కొవ్వును నీరూ నూనే వేరుచేసి 110 మి.లీ. ఎక్కించారు. ఒకే చోట గుమ్మరించరు. మొద్దు మొన ఉన్న సన్నటి గొట్టంతో, దాన్ని వెనక్కి లాగుతూ, కొద్దికొద్దిగా రకరకాల పొరల్లో దారాల్లా వదులుతారు. కొవ్వు కణం బతకాలంటే దాని పక్కనే రక్తనాళం ఉండాలి. ముద్దగా పడితే మధ్యలోది చచ్చి నూనె తిత్తి అవుతుంది, లేదా గట్టి గడ్డ అవుతుంది. సరిగ్గా చేసినా సగం నుంచి 70 శాతం దాకానే నిలుస్తుంది. అందుకే మొదట కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, తర్వాత తగ్గుతుంటే గాభరా పడకూడదు. 3 నుంచి 6 నెలలకు మిగిలిందే అసలు లెక్క, చాలక రెండోసారి ఎక్కించుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

మొదటి 24 గంటల్లో చూసుకోవాల్సింది ఒక పక్క ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బి, నొప్పి పెరిగిపోవడం. అది లోపల రక్తం గడ్డకట్టడం కావొచ్చు, వెంటనే మళ్లీ లోపలికి తీసుకెళ్లాల్సి ఉంటుంది. "ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉండదా" అని ఊరుకోకూడదు. సిస్టర్లు గంటల లెక్కన చనుమొనను వేలితో నొక్కి వదిలి చూస్తుంటారు. మన చామనఛాయకు వలయం రంగు ముందే ముదురు కాబట్టి నల్లబడుతోందో లేదో కంటికి తెలియదు. నొక్కినప్పుడు పాలిపోయిన చోటికి రక్తం ఎంతసేపట్లో తిరిగొస్తుందో, వెచ్చగా ఉందో లేదో చూస్తారు. లోపల చేరే రక్తం, నీరు బయటికి పోవడానికి ట్యూబు పెడితే, రోజుకు 30 మి.లీ. కంటే తక్కువ వచ్చేటప్పుడు తీసేస్తారు.

ఇంటికొచ్చాక ఎవరూ ముందు చెప్పని చిక్కు ఒకటి ఎదురైంది. కోసిన పక్కకు గట్టి ఆసరా కావాలి, కొవ్వు ఎక్కించిన పక్క మీద ఒత్తిడి పడకూడదు. ఒకే బ్రా రెండు పనులూ చేయాలి. దారి ఏమిటంటే, వదులుగా ఉండే సైజు తీసుకుని కుడి కప్పులో మాత్రం మెత్తటి గాజుగుడ్డ మడత పెట్టి బిగుతు తేవడం. రాత్రీ పగలూ 4 నుంచి 6 వారాలు. పక్కకు, బోర్లా పడుకోవడం లేదు. నిండు బిందె, గ్యాస్ బండ, చంటిబిడ్డ, పై అటక మీది డబ్బాలు: వీటి జోలికి వెళ్లొద్దు. జడ వేసుకోవడం కూడా మొదటి రోజుల్లో ఇంకొకళ్లతోనే. పథ్యం పేరుతో పప్పు మానిపించేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, పప్పు తింటే చీము పడుతుందని. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు తినండి.

రెండో వారంలో నిలువు కుట్టు అడుగున చిన్నగా విచ్చుకోవడం మామూలు. కుట్లు కలిసే చోట చర్మం మీద లాగుడు ఎక్కువ, రక్తం తక్కువ. డ్రెస్సింగ్‌తోనే మానుతుంది. చీము వాసన, జ్వరం, చుట్టూ ఎర్రగా వ్యాపించడం ఉంటే అది వేరు, ఆ రోజే చూపించాలి. నిలువు కుట్టు పద్ధతిలో అడుగున చర్మం కుచ్చిళ్లు పడి, పైభాగం ఉబ్బుగా, ఆకారం వింతగా కనిపిస్తుంది. అది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఏడాది దాటినా మిగిలిన కుచ్చును ఆ చోటి వరకే మత్తిచ్చి కత్తిరిస్తారు. చనుమొన స్పర్శ తగ్గొచ్చు, కొన్నాళ్లు అతిగా జిల్లుమనొచ్చు, కొందరికి పూర్తిగా తిరిగి రాదు. పాలివ్వడం కూడా తగ్గే అవకాశం ఉంది, కాబట్టి పిల్లల ఆలోచన ఉన్నవాళ్లు డాక్టరుతో ముందే విప్పి మాట్లాడాలి. కాన్పు తర్వాత ఆకారం మళ్లీ మారొచ్చు కూడా.

మచ్చ సంగతికి వస్తే, మన చర్మానికి ఉబ్బుమచ్చ గుణం ఎక్కువ. గాయం పూర్తిగా మూసుకున్నాకే సిలికాన్ జెల్ లేదా షీటు మొదలుపెట్టాలి, షీటైతే రోజుకు 12 గంటలైనా ఉండాలి, 3 నెలలకు తక్కువ కాకుండా. ఎక్కడైనా దురదపెడుతూ లేచి గట్టిపడితే ఆలస్యం చేయకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్. చెవి కుట్టించుకున్న చోట ఇప్పటికే కీలాయిడ్ (ఉబ్బి పెరిగే మచ్చ) ఉన్నవాళ్లు ఆ మాట మొదటి కన్సల్టేషన్‌లోనే చెప్పాలి.

ఏడాదికి టేపు పెడితే గొంతు గుంట నుంచి చనుమొన దాకా కుడి 23, ఎడమ 22.5. ఎడమ పక్క ఇప్పటికీ కొద్దిగా చిన్నదే, బ్రాలో తెలియదు. బరువు మాత్రం నిలకడగా ఉంచుకోవాలి. పొట్ట నుంచి వచ్చిన కొవ్వు రొమ్ములో చేరినా దాని బుద్ధి మారదు, ఒళ్లు వస్తే అది కూడా పెరుగుతుంది.

డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ నోట్స్ కాపీ, బయాప్సీ రిపోర్టు, ముందు తీసిన స్కాన్ అడిగి తీసుకోండి. ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు దాని సీరియల్ నంబరున్న కార్డు కూడా. రేపు మామోగ్రామ్‌కు వెళ్తే, కొవ్వు ఎక్కించారని తెలియని రేడియాలజిస్టు అక్కడి సున్నపు చుక్కలు చూసి బయాప్సీ దాకా వెళ్లొచ్చు. ఎప్పుడైనా అదే రొమ్ముకు మళ్లీ కత్తి పెట్టాల్సి వస్తే, చనుమొన ఏ పెడికిల్ మీద బతుకుతోందో కొత్త సర్జన్‌కు తెలియాలి. తెలియక ఆ పట్టీనే కోస్తే చనుమొన పోతుంది.